ద్వీపములలో స్థానిక సంస్థల ఉద్యోగులు: వ్యాధికాలపు సెలవు

అండమాన్ నికోబార్ ద్వీపములకును చెన్నపట్టణమునకును నడుమ సముద్రమార్గమున సుమారు 1190 కిలోమీటర్ల దూరము కలదు. విశాఖపట్టణము 1200, కలకత్తా 1255 కిలోమీటర్లు. ఓడలో ఇంచుమించు మూడు దినముల ప్రయాణము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపవాసులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వీరిలోను, తక్కిన భాషలవారిలోను పురపాలక సంఘమునందు, జిల్లా పరిషత్తునందు, పంచాయతీలయందు కొలువు చేయువారు కలరు. వీరు జబ్బుపడినపుడు అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఏ మందు వాడవలెను, ఎన్నాళ్లు పని మానవలెను? మొదటిదానికి వైద్యుడు సమాధానము చెప్పును. రెండవదానికిని వైద్యుడే చెప్పవలెను గాని, జీతము పోవునను భయము చేత రోగి తానే ముందుగా నిర్ణయించుకొనుచున్నాడు. ఆరోగ్య ప్రచురణలలో సెలవు ప్రసంగమెందుకని చదువరులు ఆశ్చర్యపడనక్కరలేదు. విశ్రాంతి చికిత్సలో భాగము. సెలవు లేనిదే విశ్రాంతి లేదు.

ద్వీపముల పరిపాలనా యంత్రాంగమున పనిచేయు ప్రభుత్వోద్యోగులకు వర్తించునవి కేంద్ర ప్రభుత్వపు 1972 నాటి సెలవు నియమములు. పురపాలక సంఘమునకును, పంచాయతీలకును 1994లో వేర్వేరు రెగ్యులేషనులు ఏర్పడినవి. సంఘపు సొంత ఉద్యోగి అయినచో తన నియామకపు ఉత్తర్వును, సేవా నియమములను ఒకసారి విప్పి చూచుకొనుట మంచిది. ఇచట చెప్పబోవు లెక్కలు 1972 నియమములను అనుసరించినవి.

సెలవు ఖాతాలు ప్రధానముగా రెండు. ఆర్జిత సెలవు జనవరి 1న 15 దినములు, జూలై 1న 15 దినములు ముందుగానే జమ అగును. అర్ధవేతన సెలవు అవే తేదీలలో పదేసి దినముల చొప్పున, అనగా ఏటికి 20 దినములు జమ అగును. వైద్యుని ధ్రువపత్రము చూపినచో ఈ అర్ధవేతన సెలవును పూర్తి జీతపు సెలవుగా మార్చుకొనవచ్చును. దీనినే కార్యాలయములలో కమ్యూటెడ్ లీవు అందురు. ఒక దినము పూర్తి జీతము పొందినచో ఖాతాలో రెండు దినములు తగ్గును. ఇంతకు మించి ఇందులో రహస్యమేమియు లేదు. గుమాస్తాగారు చూచుకొందురులే అని ఊరకుండువారు ఎక్కువ గాని, ఈ లెక్క ఎవరికి వారు వేసికొనదగినంత చిన్నది.

పండ్రెండేండ్ల సేవ గల ఉద్యోగి ఒకడున్నాడనుకొందము. ఎన్నడును వ్యాధి సెలవు వాడలేదు. అతని ఖాతాలో 240 అర్ధవేతన దినములు కలవు. వైద్యుడు రెండు మాసముల విశ్రాంతి వ్రాసినచో 60 దినములు పూర్తి జీతముతో ఇంటనుండవచ్చును. ఖాతాలో 120 తగ్గి, 120 మిగులును. అతని ఆర్జిత సెలవు ఒక్క దినమైనను తరుగదు.

ఈ కడపటి వాక్యమును రెండుసార్లు చదువవలసినదిగా కోరుచున్నాము. ఏలయన, జ్వరముతో పనికి వచ్చువారిని కారణమడిగినచో, పదవీ విరమణనాడు సెలవునకు డబ్బు వచ్చును గదా, ఇప్పుడెందుకు ఖర్చు చేయవలెను అందురు. విరమణనాడు నగదుగా మారు సెలవు మొత్తము మీద 300 దినములకు మించరాదు. ఆర్జిత సెలవే 300 దినములున్నచో అర్ధవేతన సెలవునకు ఒక్క కాసైనను రాదు. ఆర్జిత సెలవు తక్కువైనపుడు మాత్రమే ఆ లోటును అర్ధవేతన సెలవుతో, అదియు సగము జీతపు లెక్కను, పూరింతురు. కనుక వ్యాధికాలమునకై ఏర్పరచిన ఖాతాను వ్యాధికాలమున వాడుకొనక దాచుట వలన పెక్కుమందికి లాభము లేదు. నష్టము మాత్రము దేహమునకు కలుగును.

ఏటికి ఎనిమిది దినముల ఆకస్మిక సెలవు వేరు. దానిని ఇతర సెలవులతో కలుపరాదు. రెండు దినములలో తగ్గునని ఆకస్మిక సెలవు పెట్టి, తగ్గక, మరల వైద్య సెలవు కోరునపుడు చిక్కులు వచ్చుట ఇందువలననే. జ్వరము గట్టిదని తోచినచో మొదటి దినముననే వైద్యుని చూచుట ఉభయతారకము.

ఇక ఈ ద్వీపములకు ప్రత్యేకమైన వ్యాధి నొకదానిని గూర్చి చెప్పవలెను. ఇచట ఏటికి రమారమి 3000 మిల్లీమీటర్ల వాన కురియును. 1988 నుండి ఉత్తర అండమానులోని దిగ్లీపూరు ప్రాంతమున వానకాలపు చివరిలో రక్తస్రావముతో కూడిన ఒక జ్వరము చెలరేగుచు వచ్చినది. కారణము తెలియక దానిని అండమాన్ రక్తస్రావ జ్వరమని పిలిచిరి. తరువాతి పరిశోధనలో అది లెప్టోస్పైరోసిస్ అని తేలినది. చిత్రమేమనగా, టేలర్, గోయల్ అను పరిశోధకులు ఈ ద్వీపములలో ఆ వ్యాధి కలదని 1931లోనే ప్రకటించియుండిరి.

ఎలుకలు, పశువులు, పందుల మూత్రముతో ఈ సూక్ష్మజీవి నీటిలోను బురదలోను చేరును. పాదముల పగుళ్ల గుండ, చేతి గాయముల గుండ శరీరమున ప్రవేశించును. పొలములో దిగు రైతునకును, మురుగుకాల్వ తీయు పారిశుద్ధ్య కార్మికునకును ఇందువలననే అపాయము హెచ్చు. సాధారణముగా ఒకటి రెండు వారములలో తీవ్రజ్వరము, తలనొప్పి, పిక్కలలో పట్టరాని నొప్పి, కన్నులెఱ్ఱబారుట కనిపించును. తొలి దినములలోనే తగిన మందు వాడినచో పెక్కుమందికి నయమగును. ఉపేక్షించినచో కామెర్లు, మూత్రపిండముల వైఫల్యము, ఊపిరితిత్తులలో రక్తస్రావము సంభవింపవచ్చును. కాల్వ పని చేసినవాడు జ్వరముతో వైద్యుని యొద్దకు పోయినపుడు తన పని యెట్టిదో అడుగకముందే చెప్పవలెను.

అట్లు చెప్పుట చికిత్సకే గాక సెలవునకును పనికివచ్చును. విధి నిర్వహణ మూలమున కలిగిన వ్యాధికి, గాయమునకు 2018లో ప్రత్యేకమైన సెలవు ఏర్పడినది. ఆస్పత్రిలో ఉన్నంతకాలము పూర్తి జీతభత్యములు. ఆ పిమ్మట అవసరమును బట్టి ఆరు మాసముల వరకు పూర్తి జీతము, ఇంకను పండ్రెండు మాసముల వరకు సగము జీతము. ఇది సెలవు ఖాతాలో తగ్గింపబడదు. అయితే వ్యాధికిని పనికిని గల సంబంధమును వైద్యుడు కాగితముపై చూపవలెను. జ్వరమని మాత్రమే వ్రాసిన చీటితో ఈ సెలవు రాదు.

క్షయవ్యాధి కథ వేరు. సాధారణ క్షయకు చికిత్స ఆరు మాసములు. మొదటి రెండు మాసములు నాలుగు మందులు, తక్కిన నాలుగు మాసములు మూడు మందులు. సరియైన మందులు మొదలిడిన కొన్ని వారములకు రోగి నుండి ఇతరులకు అంటుట తగ్గిపోవును. ఆ వారములలో సెలవుపై ఇంటనుండుట రోగికే గాక ఒకే గదిలో కూర్చుండు తోటి ఉద్యోగులకును రక్ష. వైద్యుడు అనుమతించిన పిమ్మట మందులు మ్రింగుచునే పనికి రావచ్చును. పనిలో చేరితిమి గదా అని మందు మానుట మాత్రము ప్రమాదము. తిరుగబెట్టిన క్షయ మొండిది. నమోదైన క్షయరోగికి పుష్టికరమైన ఆహారమునకై ప్రభుత్వమిచ్చు సహాయము 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలు. తాత్కాలిక ఉద్యోగికి ఒక సంవత్సరపు అవిచ్ఛిన్న సేవ ఉన్నచో క్షయ, కుష్ఠు, కాన్సర్, మానసిక వ్యాధులకు 18 మాసముల వరకు అసాధారణ సెలవు ఈయవచ్చును. దానికి జీతము లేదు, ఉద్యోగము నిలుచును.

ఇచటి జి.బి. పంత్ ఆస్పత్రిలో గాని, మాయాబందరు, కార్ నికోబారు ఆస్పత్రులలో గాని వీలుకాని చికిత్సకు రోగి సముద్రము దాటవలసియుండును. అట్టివాడు సెలవు లెక్కలో ప్రయాణ దినములను మరువరాదు. వైద్యుడు పది దినముల విశ్రాంతి వ్రాయగా, రాకపోకలకే ఆరు దినములు పోవచ్చును. ఓడ తప్పినచో మరియొక ఓడకు కనిపెట్టుకొనియుండవలెను. సెలవు ముగియకమునుపే పొడిగింపు కోరుచు, అచటి వైద్యుని ధ్రువపత్రమును జతచేసి కార్యాలయమునకు పంపవలెను. గడువు మీరి నిలిచిపోయిన దినములకు జీతము రాదు. తిరిగి చేరునాడు ఆరోగ్యముగా ఉన్నాడను పత్రము లేనిదే చేర్చుకొనరు. ఆస్పత్రి విడుచునపుడే దానిని అడిగి తెచ్చుకొనుట మేలు.

ధ్రువపత్రము చేతనున్నంత మాత్రమున సెలవు హక్కు కాదు. అధికారికి సందేహము కలిగినచో ప్రభుత్వ వైద్యుని రెండవ అభిప్రాయము కోరవచ్చును. దొంగజబ్బుల వారు ఎచటనైనను కొందరుందురు. వారి మూలమున నిజమైన రోగిని అనుమానించుట న్యాయము కాదు. ఉద్యోగి కోరిన సెలవు రకమును అధికారి తనంతట మార్చుటకు వీలులేదనియు నియమమే చెప్పుచున్నది.

ప్రసూతి సెలవు 180 దినములు, తండ్రికి 15 దినములు. ఇద్దరికంటె తక్కువ సంతానము గలవారికి ఇవి వర్తించును.

ఈ నియమములు దినవేతనముపై పనిచేయువారికి వర్తింపవు. 1993 సెప్టెంబరు నాటి పథకము క్రింద తాత్కాలిక హోదా పొందినవారికి పది దినముల పనికి ఒక దినము చొప్పున సెలవు, స్త్రీలకు ప్రసూతి సెలవు కలవు గాని, ఆ హోదా ఆనాడు పనిలో ఉన్నవారిదే. మురుగునీటిలో నిలుచు దినసరి మజ్దూరునకు జ్వరము వచ్చిన దినమున కూలి పోవును. అందుచేత జ్వరముతోనే కాల్వలో దిగును. ఇది పెద్ద లోపమని ఒప్పుకొనక తప్పదు. గుత్తేదారుల, అధికారుల బాధ్యత అట్లుండగా, కనీసము ఆ వానకాలమున అట్టివానిని పొడి నేలపై పనికి మార్చుట, మోకాలి వరకు వచ్చు బూట్లు ఇచ్చుట పై అధికారి చేయగలిగిన పనియే.

దీర్ఘరోగమున ఖాతాలన్నియు ఖాళీ అయినపుడు స్థిరోద్యోగికి మరియొక దారి కలదు. మున్ముందు సంపాదింపబోవు అర్ధవేతన సెలవును వైద్య ధ్రువపత్రముపై ముందుగానే వాడుకొనవచ్చును. సేవాకాలము మొత్తమున ఇది 360 దినములకు మించరాదు. రోగి తిరిగి పనిలో చేరునను ఆశ ఉన్నపుడే దీనిని మంజూరు చేయుదురు.

ఆ ఆశ లేదని వైద్యులు చెప్పినపుడు ఉద్యోగి భయపడి రాజీనామా వ్రాయరాదు. సేవలో ఉండగా వైకల్యము పొందిన ఉద్యోగిని ఏ ప్రభుత్వ సంస్థయు తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు 20వ విభాగము నిర్దేశించుచున్నది. చేయుచున్న పనికి తగడేని అదే జీతపు శ్రేణిలో వేరొక పని ఈయవలెను. అట్టి పని ఖాళీ లేనిచో, అది దొరకువరకు, లేదా విరమణ వయస్సు వచ్చువరకు, అతని కొరకు అదనపు స్థానమును కల్పించి అందుంచవలెను.