వరండాలో నల్లబల్ల

దుర్గి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుపు దిగమింగుకుంటున్నావని కనిపెట్టింది మీ పెద్దమ్మే, నేను కాదు. ల్యాబ్‌లో అందరికీ ప్రోగ్రాం రాయడం వస్తోంది, నాకే రావడం లేదు, అడిగితే నవ్వుతారు. అంతేగా నీ గొడవ?

నూజివీడులో రెండేళ్ళుగా చదువుతున్నావు. మీ యూనివర్సిటీ మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారి పేరు వినే ఉంటావు. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో 1937లో పుట్టారు. చిన్నప్పుడు ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నారట. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ఆయన పూర్తిచేసింది సివిల్ ఇంజనీరింగ్. కంప్యూటర్ జోలికి వెళ్ళింది ఆస్ట్రేలియా చేరాకే. స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేతికొచ్చేసరికి 1966. నువ్వేమో పద్దెనిమిదేళ్ళకే ఆలస్యమైపోయిందంటున్నావు! 1994లో ట్యూరింగ్ అవార్డు, తర్వాత పద్మభూషణ్... అవన్నీ తీరిగ్గా చదువుకుందువుగాని, నేను చెప్పాలనుకున్నది వేరే.

1970ల్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆయన, ఆయన జట్టు మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చెయ్యాలని కూర్చున్నారు. అందుకు రాసిన ప్రోగ్రాములకి హియర్‌సే అని పేరు పెట్టారు. మొదటిది నోటితో చెప్పిన ఎత్తులు విని చదరంగం ఆడేది. రెండోదాంట్లో చేసిన ఏర్పాటు చూస్తే నాబోటి లెక్కల మాస్టారికి ప్రాణం లేచొస్తుంది. దాని పేరే నల్లబల్ల! ప్రోగ్రాంలో ఒక భాగానికి శబ్దాలే తెలుసు, ఇంకోదానికి మాటలు, మరోదానికి వాక్యాలు. ఏ ఒక్కదానికీ పూర్తిగా తెలియదు. దేనికి తోచింది అది బల్ల మీద రాస్తుంది. ‘కారం’ అని ఒకటి రాసిందనుకో, వాక్యం తెలిసిన భాగం చూసి, ఇక్కడ ‘కాలం’ అయ్యుంటుందిలే అని దిద్దుతుంది. అరకొర ఊహలు ఒకదాన్నొకటి సరిచేసుకుంటూ పోగా వాక్యం తేలుతుంది.

తప్పు రాస్తానని భయమంటావా, మన ఊళ్ళో శిల్పుల సంగతి నీకు తెలుసు. ఉలి జారి విగ్రహం ముక్కు ఎగిరిందా, అన్ని రోజుల పనీ మట్టిపాలే. భయపడితే వాళ్ళు భయపడాలి. నీదేముంది, చెరిపి మళ్ళీ రాయడమేగా.

రేపు ల్యాబ్‌లో పక్కమ్మాయికి నీ ప్రోగ్రాం చూపించి, ఇంతవరకే వచ్చిందని చెప్పు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. బడిలో బోర్డు దగ్గరకొచ్చి తప్పు చేసిన పిల్లల లెక్క నేను దిద్దగలిగాను. వెనక బెంచీలో తలొంచుకు కూర్చున్నవాళ్ళు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో నాకు చివరిదాకా తెలిసేది కాదు. నేనూ పిలిచి అడగలేదు. వాళ్ళు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగోదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆడని ప్రోగ్రాములే పట్టుకురా. వరండాలో నల్లబల్ల తుడిచి ఉంచుతాను. అన్నట్టు, మొన్న మీ పెద్దమ్మ ఫోన్‌ని మిరపకాయల రేటు అడిగితే అదేదో సినిమా పాట పెట్టింది. ఇంకా దాన్ని తిడుతూనే ఉంది.

మీ పెదనాన్న