ఆగి మళ్లీ సాగే గడియారం
(స్క్రాచ్‌లో ఒక పాఠం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కవిత కంటే చేసి చూసుకునే పాఠమే మేలనుకున్నాం. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు ఏ మీట నొక్కితే ఏం చెడిపోతుందోనని భయపడ్డాం. ఆ భయం మీకు ఉండకూడదు.

స్క్రాచ్ అంటే ఏమిటి?

అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ వారు 2007లో విడుదల చేసిన ఉచిత ప్రోగ్రామింగ్ సాధనమిది. ఆదేశాలను టైపు చేయనక్కరలేదు. రంగురంగుల బ్లాకులను మౌస్‌తో లాగి ఒకదాని కింద ఒకటి అతికిస్తే అదే ప్రోగ్రాం.

మేము చేసిన తప్పు

ఒక ఆదివారం పదో తరగతి తమ్ముళ్లకు 30 నిమిషాల మాదిరి పరీక్ష పెట్టాం. గడియారం మేము స్క్రాచ్‌లో చేసిందే. మధ్యలో హాజరు పిలిచారు. గడియారాన్ని ఆపి అందరం వెళ్లాం. తిరిగొచ్చి మొదలుపెట్టగానే అంకె ఒక్కసారిగా నాలుగు నిమిషాలు దూకింది. "అన్నా, మా నాలుగు నిమిషాలు ఏవి?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

కారణం తర్వాత తెలిసింది. స్క్రాచ్‌లోని 'టైమర్' బ్లాకును సున్నా చేయవచ్చు గానీ ఆపడానికి బ్లాకు లేదు. మేము ఆపింది తెరమీద అంకెను మాత్రమే. లోపల కాలం నడుస్తూనే ఉంది.

'ఒక సెకను ఆగు, ఒకటి కలుపు' అని తిప్పితే సరిపోదా? సరిపోదు. ఒక్కో చుట్టుకు సెకనులో 30వ వంతు ఎక్కువ పట్టినా, 1800 చుట్లకు 60 సెకన్ల తేడా వస్తుంది.

సరైన పద్ధతి

ఆపిన ప్రతిసారీ అప్పటిదాకా నడిచిన కాలాన్ని ఒక చోట దాచుకోవాలి. అంతే కిటుకు.

1. 'పోగు', 'నడక', 'చూపు' అని మూడు వేరియబుల్స్ చేయండి. వేరియబుల్ అంటే విలువను దాచుకునే డబ్బా. నడక 1 అంటే గడియారం నడుస్తోంది, 0 అంటే ఆగింది.

2. పచ్చజెండా బ్లాకు కింద పోగును, నడకను 0 చేయండి. తర్వాత 'ఫరెవర్', దాని లోపల 'ఇఫ్-ఎల్స్' పెట్టండి. నడక 1 అయితే చూపు = పోగు + టైమర్. కాకపోతే చూపు = పోగు.

3. స్పేస్ మీట బ్లాకు కింద మరో 'ఇఫ్-ఎల్స్'. నడక 0 అయితే టైమర్‌ను రీసెట్ చేసి, నడకను 1 చేయండి. కాకపోతే టైమర్ విలువను పోగుకు కలిపి, నడకను 0 చేయండి.

4. దాని చివర, స్పేస్ మీటను వదిలేదాకా ఆగమని 'వెయిట్ అన్‌టిల్' పెట్టండి. లేకుంటే మీట నొక్కిపట్టినప్పుడు గడియారం ఆగుతూ సాగుతూ ఉంటుంది.

మిగిలిన సమయం కావాలంటే 1800 నుంచి చూపును తీసివేయండి.

పరీక్షించే విధం

10 సెకన్లు నడపండి, 20 సెకన్లు ఆపండి, మళ్లీ 5 సెకన్లు నడపండి. 15 వస్తే సరి. 35 వస్తే మేము చేసిన తప్పే మీరూ చేశారన్నమాట!

అభ్యాసం: 'ఆర్' మీట నొక్కితే గడియారం సున్నాకు రావాలి. నడుస్తున్నప్పుడు నొక్కినా, ఆగినప్పుడు నొక్కినా సరిగా రావాలి. ఏ రెండు బ్లాకులు చాలో ఆలోచించండి.

చివరగా ఒక మాట. పత్తి ఏరడానికో, అమ్మానాన్నలతో వలస వెళ్లో కొన్నాళ్లు బడి మానినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మేమూ వాళ్లలోనివాళ్లమే. తిరిగొచ్చాక అంతా సున్నా నుంచి మొదలని బెంగపడ్డాం. కాదు తమ్ముళ్లూ. ఆగకముందు నేర్చుకున్నది పోగులోనే ఉంటుంది. మళ్లీ మీట నొక్కడమే మన పని.