పిల్లలు రాస్తే చదివేదెవరు?

ప్రశ్న: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెబుతున్నాను. మా పిల్లలకు చూచిరాత బాగా వచ్చు. సొంతంగా రాయమంటే మాత్రం ఒకరు రాసింది అందరూ దించేస్తారు. చెరువు గురించి రాయమంటే తరగతి మొత్తం ‘మా ఊరి చెరువు చాలా అందంగా ఉంటుంది’ అనే రాశారు. వాట్సాప్ గ్రూపులో ఆ నోటుపుస్తకాల ఫొటోలు పెడితే తల్లిదండ్రుల నుంచి దండాలు, బొటనవేళ్లు తప్ప ఇంకేమీ రావు. పిల్లల్ని ఆలోచింపజేయడం, ఇంటివాళ్లను కలుపుకోవడం ఎలా?
– ఒక ఎస్జీటీ, నల్గొండ జిల్లా

జవాబు: ఇంతకీ మీ చెరువులో ఇప్పుడు నీళ్లున్నాయా? లేకపోతే తరగతి తరగతంతా అబద్ధం రాసినట్టే. అందులో పిల్లల తప్పేమీ లేదు. టిక్కు పెట్టడానికి మీరు చదువుతారని వాళ్లకు తెలుసు. చెరువు సంగతి తెలుసుకుందామని చదివేవాళ్లు లేనప్పుడు ఎవరైనా అలాగే రాస్తారు. పెద్దవాళ్లు రాసే దరఖాస్తులు చూడండి.

అందుకే ముందు చదివేవాళ్లను సంపాదించాలి. ఫ్రాన్స్ దక్షిణాన బార్-సుర్-లూ అనే కొండ ఊళ్లో సెలెస్తా ఫ్రెనే అనే బడిపంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, గంటల తరబడి పాఠం చెప్పే ఓపిక పోయింది. 1924లో ఒక చిన్న అచ్చు యంత్రం తెచ్చి తరగతిలో పెట్టాడు. పిల్లలు తాము చూసినవీ, విన్నవీ రాసి, తామే అక్షరాలు పేర్చి అచ్చు వేసేవారు. 1926లో ఆ కాగితాలు ఎక్కడో బ్రిటనీ తీరంలోని త్రెగుంక్ బడికి వెళ్లడం, అక్కడివి ఇక్కడికి రావడం మొదలైంది. సముద్రం ఒడ్డు పిల్లలకు కొండ ఊరి సంగతి అర్థం కావాలంటే ‘అందంగా ఉంటుంది’ అంటే చాలదు మరి.

మీకు అచ్చు యంత్రం అక్కర్లేదు. బ్రౌన్ షీటు, నాలుగు గుండుసూదులు ఉంటే గోడపత్రిక తయారు. గోడపత్రిక అనగానే ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు టీచరే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అంటించేది గుర్తొస్తే, అది మాత్రం వద్దు. జూన్‌లో పెట్టింది మార్చిలోనూ అక్కడే ఉంటుంది, దాన్ని బల్లులు తప్ప ఎవరూ చూడరు. వారానికి ముగ్గురో నలుగురో రాసింది, వాళ్ల చేతిరాతలోనే, తప్పులతో సహా పెట్టండి. ప్రతి కాగితం కింద సగం ఖాళీ వదలండి. ఆ ఖాళీలో తోటి పిల్లలు రాయాలి. ‘బాగుంది’ అని రాయకూడదు. ప్రశ్న అడగాలి, లేదా ‘నేను ఒప్పుకోను, ఎందుకంటే’ అని మొదలుపెట్టాలి. నియమం ఇదొక్కటే.

ఒక బడిలో నేను చూసిన కాగితం చెబుతాను. ‘మా కోడి గుడ్డు పెట్టి అరుస్తది. ఎందుకు?’ అని ఒక అబ్బాయి రాశాడు. కింద ఇంకొకడు, ‘పాము రాకుండ’. దాని కింద ఒక అమ్మాయి, ‘అట్లయితే పెట్టకముందే అరవాలె గద. అరిస్తే పాముకు గుడ్డు ఉందని తెలుస్తది’. మర్నాడు ఇంకో చేతిరాత, ‘మా నాయనమ్మ చెప్పింది. అది ఒక్కతే మూలకు పోయి పెడతది. మిగతా కోళ్లు ఎక్కడున్నయో తెల్వక పిలుస్తది’. ఊహించడం, ఊహను ఖండించడం, తెలిసినవాళ్లను అడగడం, మూడూ ఆ ఒక్క కాగితం మీద ఉన్నాయి. ‘అరుస్తది’ని ఎర్రసిరాతో ‘అరుస్తుంది’ అని దిద్ది ఉంటే, నాయనమ్మ మాట ఆ గోడ దాకా వచ్చేది కాదేమో. అక్షరదోషాలు దిద్దొద్దని కాదు, దానికి వేరే గంట ఉంది.

మీరు చేయాల్సిన కష్టమైన పని ఊరుకోవడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతులను గమనించి 1970లలో ఒక సంగతి రాశారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారట. 3 సెకన్లు ఆగినచోట జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు, పిల్లలే ప్రశ్నలు వేయడం పెరిగింది. 3 సెకన్లు బల్ల ముందు నిలబడి చూడండి, ఎంత పెద్దవో తెలుస్తుంది.

ఇక వాట్సాప్. పుస్తకం ఫొటో పెట్టకండి, పిల్లల ప్రశ్న పెట్టండి. ‘మన చెరువు చివరిసారి ఎప్పుడు అలుగు పారింది? చూసినవాళ్లు చెప్పండి’. జవాబు వాయిస్ మెసేజ్‌లో చాలు. సోమవారం తరగతిలో వినిపిస్తే, ఎవరి తాత చెప్పింది నిజమో వాళ్లే తేల్చుకుంటారు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఇంకో బడి టీచరు ఒప్పుకుంటే మీ కాగితాలు వాళ్ల బడికి, వాళ్లవి మీకు.

ప్రశ్న: నేను కూలికి పోతాను. మా పాప నాలుగో తరగతి. ఇంట్లో అడిగి రాసుకురమ్మని టీచరు రోజూ ఏదో ఒకటి చెబుతోంది. నాకు చదువు రాదు, ఏం చెప్పాలి? (ఇది పక్కింటి అబ్బాయితో రాయిస్తున్నాను.)
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, టీచరు అడిగేది మీ చదువును కాదు, మీకు తెలిసిన పనిని. మిరపనారు ఎన్నాళ్లకు నాటుతారు, చేలో మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం పెడతారు, దగ్గరగా పెడితే ఏమవుతుంది? మీరు చెప్పండి, పాప రాస్తుంది. రాశాక మీకు చదివి వినిపించమనండి. విని ‘అట్లా ఎందుకనుకున్నావు?’ అని ఒక్క మాట అడగండి. రోజూ కుదరకపోతే వారానికి ఒకసారి చాలని టీచరుతో చెప్పండి, మొహమాటపడొద్దు. బడిలో మీ మాటకూ చోటుంది. 2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలంది. చాలాచోట్ల ఆ కమిటీ వేలిముద్రల దగ్గరే ఆగిపోయింది. మీరు అంతకంటే పెద్ద పనే చేస్తున్నారు.

ప్రశ్న: మా బాబు రాసినవి తప్పుల తడకగా ఉంటాయి. అందరూ చూస్తారని నేనే చక్కగా రాసిస్తున్నాను. తప్పా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: తప్పే. మీకు రాయాలని ఉంటే వాడి కాగితం కింద ఒక ప్రశ్న రాయండి, మీ పేరుతో.

ప్రశ్న: మా అమ్మాయి ఫొటో, రాసిన పేజీ స్కూలువాళ్లు అందరికీ కనిపించేలా ఫేస్‌బుక్‌లో పెట్టారు. అడగాలా, ఊరుకోవాలా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అడగండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అన్న సూత్రం అందులోనే ఉంది. చట్టం దాకా పోనక్కర్లేదు, ‘ఫొటో తీసేయండి, ఇంటిపేరు వద్దు, రాసింది తరగతివాళ్లకే ఉంచండి’ అంటే చాలావరకు వింటారు. మీ అమ్మాయిని కూడా అడగండి, తను రాసింది ఎవరు చదవాలో తనకూ ఒక అభిప్రాయం ఉంటుంది. టీచర్లకూ ఒక మాట. ఇంట్లో గొడవ గురించో, నాన్న తాగొచ్చిన సంగతో ఎవరైనా రాసిస్తే ఆ కాగితం గోడకు ఎక్కకూడదు, గ్రూపులోకి పోకూడదు. దాన్ని డ్రాయరులో పెట్టి, బడి వదిలాక ఆ పిల్లతో విడిగా మాట్లాడాలి.