యాదమ్మ చదివిన కాగితం

హైదరాబాద్‌లో మాదాపూర్ ఉంది. అక్కడ సైబర్ టవర్స్ అనే పెద్ద భవనం ఉంది. దాన్ని 1998లో ప్రారంభించారు. అంతకు ముందు ఆ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్ళ గుట్టలే. ఇప్పుడు అదంతా హైటెక్ సిటీ. ఎటు చూసినా అద్దాల మేడలే. ఆ మేడల్లో వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేస్తారు.

ఆ మేడలు ఊడ్చేవాళ్ళు, తుడిచేవాళ్ళు, టీ కాచేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకామె కథ ఇది. ఆమె పేరు యాదమ్మ అనుకుందాం. ఇల్లు బోరబండ బస్తీలో. యాదమ్మ సాయంత్రం పూట చదువు కేంద్రానికి పోయింది. ఏడాదిలో చదవడం నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. గోడ మీద రాతలు చదువుతుంది.

ఒకరోజు పక్కింటి బాలమణి వచ్చింది. చేతిలో రంగుల కాగితం ఉంది.

“అక్కా, గిదేందో జర చదివి చెప్పు. లావు తగ్గే ఆపరేషనంట. మోకాళ్ళు నొస్తున్నయి. షుగర్ కూడా వచ్చింది. మా ఆయన రోజూ లావని దెప్పుతుండు. పుస్తెలతాడు కుదువ పెట్టయినా చేయించుకుంట.”

యాదమ్మ కాగితం తీసుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

“నొప్పి లేదు. పథ్యం లేదు. నెలకు 15 కిలోలు గ్యారంటీ. ఈ వారం వస్తే సగం ధర.”

బాలమణి మొహం వెలిగింది. యాదమ్మ ఆపలేదు. కాగితం అడుగున చీమల బారు లాంటి చిన్న అక్షరాలు ఉన్నాయి. వాటినీ చదివింది.

“ఫలితాలు అందరికీ ఒకేలా ఉండవు.”

“పెద్ద అక్షరాల్లో గ్యారంటీ అన్నరు. చిన్న అక్షరాల్లో లేదన్నరు. డాక్టర్ పేరు ఎక్కడా లేదు. చెల్లె, తొందర పడకు. రేపు బస్తీ దవాఖానకు పోదాం” అంది యాదమ్మ.

లావు అని ఎట్లా తెలుస్తుంది?

మర్నాడు ఇద్దరూ బస్తీ దవాఖానకు పోయారు. డాక్టరమ్మ ఇద్దరి ఎత్తు కొలిచింది. బరువు చూసింది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు, 150 సెంటీమీటర్లు. అంటే మీటరున్నర.

“కంటికి లావుగా కనిపిస్తే చాలదు. లెక్క చూడాలి” అంది డాక్టరమ్మ. పలక మీద లెక్క వేసి చూపింది.

ఎత్తును ఎత్తుతో గుణించాలి. 1.5 × 1.5 = 2.25.
బరువును దానితో భాగించాలి.
బాలమణి బరువు 81 కిలోలు. 81 ÷ 2.25 = 36.
యాదమ్మ బరువు 63 కిలోలు. 63 ÷ 2.25 = 28.

ఈ లెక్కను బీఎంఐ అంటారు. మన దేశంలో పెద్దవాళ్ళకు బీఎంఐ 18.5 నుంచి 23 లోపు ఉంటే మంచిది. 23 నుంచి 25 లోపు ఉంటే బరువు ఎక్కువని అర్థం. 25 గానీ, ఆ పైన గానీ ఉంటే లావు జబ్బు. దీన్ని స్థూలకాయం అని కూడా అంటారు. గర్భిణీలకు ఈ లెక్క పనికిరాదు.

నడుము కొలత కూడా చూడాలి. బట్టలు కుట్టే టేపు చాలు. ఆడవాళ్ళ నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. మగవాళ్ళ నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్ట చుట్టూ చేరే కొవ్వు ఎక్కువ చేటు చేస్తుంది.

యాదమ్మకు ఆశ్చర్యం వేసింది. “నాకు కూడా లావు జబ్బేనా డాక్టరమ్మా? నేను రోజంతా నిలబడి పని చేస్తా గదా!”

ఇది కలిగినవాళ్ళ జబ్బేనా?

“అట్లా అనుకునే చాలామంది దవాఖానకు రారు” అంది డాక్టరమ్మ. ఆమె కొన్ని సంగతులు చెప్పింది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి ఐటీ ఉద్యోగులను పరీక్షించాయి. 345 మందిని చూశారు. ఆ వివరాలు 2025లో అచ్చయ్యాయి. 100కు 71 మందికి లావు జబ్బు ఉంది. 100కు 84 మందికి కాలేయంలో కొవ్వు చేరింది. కాలేయం అంటే లివర్. గంటల తరబడి కూర్చోవడం, రాత్రి డ్యూటీలు, పని ఒత్తిడి, వేళ తప్పిన తిండి, ఇవన్నీ ఒంటికి చేటు చేస్తాయి.

అయితే జబ్బు అద్దాల మేడల్లోనే ఆగలేదు. 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను చూశారు. తెలంగాణలో 100కు సుమారు 30 మంది బరువు ఎక్కువ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 100కు సుమారు 36 మంది ఉన్నారు.

“యాదమ్మా, పొద్దున ఏం తింటారు?” అని అడిగింది డాక్టరమ్మ.

“ఏం తినను. చాయ్ తాగి పోత. పనికాడ ఇంకో మూడు చాయ్‌లు, బిస్కెట్లు. మూడు గంటలకు అన్నం. రాత్రి పిల్లలు తిన్నంక మిగిలింది పారెయ్యబుద్ధి గాదు. నేనే తింట.”

“చూశారా? పొద్దంతా ఆకలి. రాత్రికి ఒకేసారి ఇంత అన్నం. చాయ్‌లో చక్కెర, కూరలో నూనె. కూరగాయలు తక్కువ, నిద్ర తక్కువ. కష్టపడేవాళ్ళకూ లావు ఇట్లానే వస్తుంది. ఇది తిండిపోతుతనం కాదు, సోమరితనం కాదు. కొందరికి వంశంలోనే ఉంటుంది. కొన్ని జబ్బుల వల్ల, కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరుగుతుంది. అందుకే పరీక్ష చేయాలి. తిడితే తగ్గేది కాదు.”

ఆ మాట విని బాలమణి కళ్ళు తుడుచుకుంది.

లావు వల్ల ఏమవుతుంది?

వాపును చూసి బలుపు అనుకోవద్దని పెద్దలు అంటారు. లావు కూడా బలం కాదు. దాని వల్ల ఈ జబ్బులు రావచ్చు:

షుగర్, బీపీ.
గుండె జబ్బు, పక్షవాతం.
కాలేయంలో కొవ్వు.
మోకాళ్ళ నొప్పులు.
గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం.
నెలసరి తప్పడం, గర్భం నిలవకపోవడం.
గర్భసంచి క్యాన్సర్. ముట్లు ఆగిన తర్వాత రొమ్ము క్యాన్సర్.

లావుగా ఉన్న అందరికీ ఇవన్నీ రావు. కానీ వచ్చే అవకాశం పెరుగుతుంది.

వైద్యానికి మూడు మెట్లు

మొదటి మెట్టు తిండి, నడక. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు భాగం అన్నం లేదా జొన్న రొట్టె. మిగతా పావు పప్పు, గుడ్డు, చేప వంటివి. చక్కెర, నూనె, ఉప్పు తగ్గించాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. అంటే ఒక చిన్న చెంచాడు. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవాలి. అంటే రోజుకు అరగంట, వారానికి 5 రోజులు.

63 కిలోల యాదమ్మ 3 కిలోలు తగ్గినా మేలే. బీపీ, షుగర్ అదుపులో ఉంచడానికి అది సాయపడుతుంది.

రెండో మెట్టు మందులు. ఆకలి తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. మౌంజారో అనే మందు 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. దాన్ని వారానికి ఒకసారి తీసుకుంటారు. వికారం, వాంతులు రావచ్చు. ఆపేస్తే చాలామందిలో బరువు తిరిగి వస్తుంది. ఇట్లాంటి మందులు గర్భిణీలు వాడకూడదు. డాక్టర్ రాయకుండా ఎవరూ వాడకూడదు.

మూడో మెట్టు ఆపరేషన్. ఇది అందరికీ కాదు. సాధారణంగా బీఎంఐ 35 దాటినవాళ్ళకు దీని గురించి ఆలోచిస్తారు. షుగర్ వంటి జబ్బు ఉంటే అంతకన్నా తక్కువలో కూడా ఆలోచిస్తారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. ఒకటి, కడుపులో అన్నసంచిని ముప్పావు వంతు కోసి తీసేయడం. రెండోది, అన్నసంచిని చిన్నది చేసి, దాన్ని పేగు కింది భాగానికి కలపడం. రెండూ పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి చేస్తారు.

“మంచిగ అయితదా?” అడిగింది బాలమణి.

“చాలామందికి బరువు బాగా తగ్గుతుంది. షుగర్ అదుపులోకి వస్తుంది. ప్రమాదాలూ ఉన్నాయి. రక్తం పోవచ్చు. కుట్టు దగ్గర కారవచ్చు. అరుదుగా ప్రాణం మీదికి రావచ్చు. తర్వాత జన్మంతా కొంచెం కొంచెమే తినాలి. విటమిన్ మాత్రలు మింగాలి. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. పథ్యం లేని ఆపరేషన్ ఏదీ లేదమ్మా.”

కొవ్వు పీల్చి తీసే పద్ధతి ఒకటి ఉంది. అది ఒంటి ఆకారం కోసమే. లావు జబ్బుకు అది వైద్యం కాదు. దానితో షుగర్ తగ్గదు.

ఒప్పుకునే ముందు అడగండి

1. నాకు ఆపరేషన్ అవసరమా? వేరే దారి లేదా?
2. చేసే డాక్టర్ ఎవరు? ఇట్లాంటివి ఎన్ని చేశారు?
3. ప్రమాదాలు ఏమిటి?
4. మందులు, పరీక్షలు కలిపి మొత్తం ఖర్చు ఎంత?
5. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.
6. ఇంటికి పోయాక ఇబ్బంది వస్తే ఎవరిని కలవాలి?

డాక్టరమ్మ బాలమణికి పెద్దాసుపత్రికి చీటీ రాసింది. “మీ లెక్క 36. షుగర్ ఉంది. ఆపరేషన్ మీకు పనికి రావచ్చు. అన్ని పరీక్షలూ అయ్యాక అక్కడి డాక్టర్లు చెబుతారు. ఈలోగా మొదటి మెట్టు మొదలుపెట్టండి. ఈసారి మీ ఆయనను కూడా తీసుకురండి” అంది.

ఇప్పుడు ఇద్దరూ పొద్దున్నే కలిసి నడుస్తున్నారు. యాదమ్మ చాయ్‌లో చక్కెర తగ్గించింది. పొద్దున రొట్టె తిని పనికి పోతోంది. బాలమణికి పరీక్షలు జరుగుతున్నాయి. ఆపరేషన్ సంగతి ఇంకా తేలలేదు. పుస్తెలతాడు మెడలోనే ఉంది.

సాయంత్రం బాలమణి కూడా చదువు కేంద్రానికి వస్తోంది.

“ఆపరేషన్ కాగితం మీద నేను వేలిముద్ర వెయ్య. అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదువుత. అర్థమైనంకనే సంతకం పెడత” అంటోంది.

అభ్యాసం

1. రంగుల కాగితంలో పెద్ద అక్షరాల్లో ఏముంది? చిన్న అక్షరాల్లో ఏముంది?
2. రోజంతా పని చేసే యాదమ్మ ఎందుకు లావు అయ్యింది?
3. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. బీఎంఐ ఎంత?
4. మీ నడుము టేపుతో కొలవండి. ఎంత ఉందో రాయండి.
5. మీ ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తింటారు? ఏం తింటారు? అందరూ కలిసి మాట్లాడండి.