ఇంటర్ఫెరాన్ కబురు కేంద్రకానికి చేరేదెలా?

ప్రశ్న: రోగనిరోధక ప్రోటీన్లు కణం బయటే ఉంటాయి కదా, లోపలి జన్యువులకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇంటర్ఫెరాన్-గామానే తీసుకుందాం. అది కణత్వచం మీది గ్రాహకాన్ని పట్టుకోగానే, లోపలివైపు కాచుకుని ఉన్న జాక్1, జాక్2 ఎంజైములు రంగంలోకి దిగుతాయి. స్టాట్1 ప్రోటీన్‌లో 701వ స్థానంలోని టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. దాంతో రెండేసి స్టాట్1లు జతకడతాయి. అయినా కేంద్రక రంధ్రం వాటికి ఊరికే దారివ్వదు; ఇంపోర్టిన్ అనే ప్రోటీన్ వెంటబెట్టుకుని దాటించాలి. లోపలికెళ్లాక డీఎన్‌ఏను అంటుకుని ఐఆర్‌ఎఫ్1 వంటి జన్యువులను పనిలో పెడతాయి. ఫాస్ఫేట్ ఊడిందంటే మళ్లీ బయటికే.

మరి గ్రాహకం? పాఠ్యపుస్తకాల్లో అది త్వచం దగ్గరే ఆగిపోతుంది. దానిలో ఒక గొలుసు కూడా కేంద్రకానికి చేరుతుందని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హోవర్డ్ జాన్సన్ బృందం వాదించింది. ఆసక్తికరమే గానీ, రాజమార్గం మాత్రం స్టాట్1దే.

ఈ కబురు శ్రుతి మించితే ప్రమాదమే. కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ పొందిన కన్నెగంటి తిరుమలాదేవి, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో తన బృందంతో ఆ సంగతి తేల్చారు. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే మరో రోగనిరోధక ప్రోటీన్, ఇంటర్ఫెరాన్-గామా జంటగా దాడిచేస్తే స్టాట్1, ఐఆర్‌ఎఫ్1 మీదుగా నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి కణాలు చచ్చిపోతాయని 2021లో ‘సెల్’ పత్రికలో ప్రచురించారు. దాడిచేసే ఆ జంటను అడ్డుకునే యాంటీబాడీలిస్తే కోవిడ్ సోకిన ఎలుకల్లో మరణాలు తగ్గాయి.