చివరి బటన్ ముందే నొక్కకండి

వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ మిమ్మల్ని మీరు మార్చుకోమంటాయి. మారడం మొదలుపెట్టి సగంలో ఇరుక్కుపోతే ఏం చేయాలో చెప్పే పుస్తకం మాత్రం అరుదు. ఆ పాఠం కావాలంటే హన్మకొండ చౌరస్తా దగ్గర ఏదైనా సెల్ రిపేర్ షాపు ముందు కాసేపు నిలబడండి.

గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్లు కొందరు ఫోన్‌కు దూరంగా ఉండాలనుకుంటారు. కానీ పాటలు కావాలి. అప్పుడు ఇంట్లో అన్నదో, అమెరికా నుంచి మామయ్య తెచ్చిందో, ఓ పాత ఐపాడ్ బీరువాలోంచి బయటికొస్తుంది. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే అప్‌డేట్ ఉందంటుంది. చదవకుండానే ఓకే కొడతారు. సగంలో కేబుల్ కదులుతుంది, లేదా బ్యాటరీ అయిపోతుంది. తెర మీద ఆపిల్ గుర్తు వచ్చి అక్కడే ఆగుతుంది. ఆ తర్వాత కౌంటర్ దగ్గర నడిచే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇదే:

"అన్నా, ఇది ఖతమైంది. ఫార్మాట్ కొట్టు."

"ఏం చేసినవ్ తమ్మీ దీన్ని?"

"ఏం చెయ్యలే. అప్‌డేట్ పెట్టిన, గంతే."

"ఇండ్లున్న పాటలు ఇంకెక్కడన్న ఉన్నయా?"

"లెవ్వన్నా."

"మరి ఫార్మాట్ కొట్టమంటవేంది?"

ఆ కుర్రాడు ముందు ప్లేయర్ చచ్చిపోయిందని తీర్పు ఇచ్చేశాడు. ఆ తీర్పుకు తగ్గట్టు అన్నిటికంటే పెద్ద శిక్షా వేసేశాడు. మధ్యలో విచారణ లేదు. మన సంగతుల్లోనూ మనం చేసేది సరిగ్గా ఇదే. ఒక ప్రయత్నం చెడితే "నా వల్ల కాదు" అనేస్తాం, కోర్సు మానేస్తాం, ఊరు మారతాం, స్నేహితుల నంబర్లు తీసేస్తాం. ఇవన్నీ ఫార్మాట్లే.

నిజానికి అప్‌డేట్ మధ్యలో ఆగిన ప్లేయర్లలో చాలావాటికి ప్రాణం ఉంటుంది. వాటి లోపల సాఫ్ట్‌వేర్ రెండు అంతస్తుల్లో ఉంటుంది. కింద చిన్న ప్రోగ్రామ్ ఒకటి. బటన్ నొక్కగానే లేచి, పైనున్న పెద్ద సాఫ్ట్‌వేర్‌ను నిద్ర లేపడమే దాని పని. మామూలు అప్‌డేట్ తిరగరాసేది ఎక్కువగా పై అంతస్తునే. అది సగం రాసి వదిలేస్తే కిందివాడు పిలుస్తూనే ఉంటాడు, పైనుంచి పలికేవాళ్లుండరు. తెర మీద ఆగిపోయిన ఆ గుర్తుకు అర్థం కింది అంతస్తు పనిచేస్తోందనే. క్లిక్ వీల్ ఉన్న పాత ఐపాడ్లలో మెనూ, మధ్య బటన్ కలిపి ఏడెనిమిది సెకన్లు నొక్కితే రీసెట్ అవుతుంది. గుర్తు కనబడగానే మధ్య బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్ వస్తుంది. కంప్యూటర్‌కు అదొక పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. చాలాసార్లు పాటలు లోపల అలాగే ఉంటాయి.

కాబట్టి చెడిన రోజు మొదటి ప్రశ్న "ఏం పోయింది?" అనేది కాకూడదు. ఇంకా ఏం పనిచేస్తోందో చూడండి. ఇంటర్వ్యూలు వరసగా పోయిన అమ్మాయిని కదిపితే "నాకేం రాదు" అంటుంది. ప్రతిసారీ రాత పరీక్ష దాటిందన్న సంగతి ఆమె లెక్కలోకే రాదు. మనిషి మొత్తం ఆగినట్టు కనిపిస్తుంది కానీ ఆగింది ఒక్క అంతస్తే.

ఐపాడ్‌ను 2001 అక్టోబర్ 23న ఆవిష్కరించారు. ఇక ఆపేస్తున్నామని ఆపిల్ 2022 మేలో ప్రకటించింది. ఆ ఇరవై ఏళ్లలో ఆ కంపెనీ వాడకందార్లకు ఇచ్చిన సలహాల్లో నాకు బాగా నచ్చింది "అయిదు ఆర్‌లు". రీసెట్, రీట్రై, రీస్టార్ట్, రీఇన్‌స్టాల్, రీస్టోర్. ముందు ప్లేయర్‌ను రీసెట్ చేయండి. తర్వాత వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత కంప్యూటర్‌ను ఆపి ఆన్ చేయండి. అప్పటికీ కాకపోతే ఐట్యూన్స్ తీసేసి కొత్తగా వేయండి. అన్నీ అయ్యాకే రీస్టోర్, ఎందుకంటే అది పాటలన్నీ తుడిచేస్తుంది. అసలు విషయం ఆ వరసలోనే ఉంది. నష్టం లేనిది ముందు, అన్నీ పోగొట్టేది చివర. మనం చేసేది తలకిందులు. కోపం అయిదో మెట్టు మీద మొదలై, చల్లారాక మొదటి మెట్టుకు దిగుతుంది. అప్పటికి తుడిచేయాల్సినవన్నీ తుడిచేసి ఉంటాం.

రెండో ఆర్ దగ్గర కొంచెం ఆగాలి. అక్కడ రాసింది ఉత్త "మళ్లీ ప్రయత్నించు" కాదు, వేరే పోర్టులో పెట్టి ప్రయత్నించమని. అదే పోర్టు, అదే కేబుల్, అదే బటన్‌తో పదిసార్లు చేస్తే దాన్ని పట్టుదల అనలేం. మన దగ్గర దీన్ని దండయాత్ర అని గొప్పగా చెప్పుకుంటారు, నాకైతే అందులో గొప్ప కనపడదు. అదే పుస్తకం, అదే గది, అదే నలుగురు మిత్రులు, అవే ఎర్ర గీతలు. మార్కులు మాత్రం వేరే రావాలి! ఈసారి ఒక్కటి మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు, అందుకని ఒక్కటే. చదివే సమయం మార్చండి, లేదా చదవడం తగ్గించి పాత పేపర్లు రాయండి. అది కుదరకపోతే అప్పుడు ఇంకోటి.

కేబుల్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. షాపుల్లో చవగ్గా దొరికే కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. చూడ్డానికి తేడా తెలియదు. తగిలించగానే బ్యాటరీ బొమ్మ వెలుగుతుంది కాబట్టి అంతా కలిసిందనుకుంటాం. కంప్యూటర్‌కు మాత్రం అవతల ప్లేయర్ ఉందనే తెలియదు. ఉదయం ఆరింటికి లైబ్రరీలో సీటు పట్టి రాత్రి తొమ్మిది దాకా కూర్చునేవాళ్లలో ఈ కేబుల్ మీద నడిచేవాళ్లు తక్కువేం కాదు. దీపం వెలుగుతుంటుంది, ఏమీ ఎక్కదు. పరీక్షించడం తేలిక. పుస్తకం మూసి, ఇప్పుడే చదివిన పేజీని తెల్లకాగితం మీద నాలుగు ముక్కల్లో రాయండి. రాలేదా, కేబుల్ మార్చాలి.

కొన్నిసార్లు మీరు ఏ మెట్టు ఎక్కినా లాభం ఉండదు. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వాళ్ల జూన్ (Zune) అనే మ్యూజిక్ ప్లేయర్లలో 30 జీబీ మోడల్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఎవరూ కింద పడేయలేదు, అప్‌డేట్ పెట్టలేదు. లోపల గడియారం నడిపే ప్రోగ్రామ్‌లో రోజుల లెక్కను సంవత్సరంగా మార్చే చిన్న చుట్టు (లూప్) ఒకటుంది. రోజులు 365 దాటి ఉన్నంతసేపూ అది తిరగాలి, తిరిగినప్పుడల్లా ఒక సంవత్సరం తీసేయాలి. లీపు సంవత్సరమైతే 366 దాటితేనే తీసేయాలి. మరి సరిగ్గా 366 అయితే? రాసినవాళ్లు ఆ ఒక్క రోజును మరిచారు. 2008 లీపు సంవత్సరం, డిసెంబర్ 31 దానికి 366వ రోజు. బయటికి రావడానికీ లేదు, తీసేయడానికీ లేదు, ప్లేయర్ అక్కడే గిరగిరా తిరిగింది. మైక్రోసాఫ్ట్ చెప్పిన మందు ఏమిటంటే, బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, జనవరి 1న గ్రీనిచ్ కాలం ప్రకారం మధ్యాహ్నం దాటాక ఛార్జింగ్ పెట్టండి. అంతే. ఆ రోజు స్క్రూడ్రైవర్ అందుకోవడం కంటే ప్లేయర్ పక్కన పెట్టి పడుకోవడమే మంచి రిపేరు.

మన తెలంగాణ గ్రూప్-1 అభ్యర్థులకు ఈ కథ కొత్తగా అనిపించదు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాస్తే హైకోర్టు తీర్పుతో అదీ పోయింది. 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషన్‌నే వెనక్కి తీసుకుని, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ఇంకోసారి ప్రిలిమ్స్. ఈ రెండేళ్లలో నిజాయితీగా చదివినవాళ్లలో ఎందరో తమలో తప్పు వెతుక్కున్నారు. లోపం వాళ్ల ప్లేయర్‌లో లేదు, అవతలి వైపు ఉంది. అలాంటప్పుడు "నేను ఇంకా గట్టిగా చదవాల్సింది" అనుకోవడం వినయంలా కనిపిస్తుంది కానీ అది తప్పు రోగనిర్ధారణ. అవతలి తప్పుకు అవతలే మందు. ఈలోగా మీరు చేయాల్సింది బ్యాటరీ కాపాడుకోవడం: అద్దెకు సరిపడా చిన్న పని, రోజుకు కొంచెం చదువు, నిద్ర. దీన్ని కాలం వృథా అనేవాళ్లకు పోటీ పరీక్షల ఊళ్లో రెండేళ్లు బతకడమంటే ఏంటో తెలియదు.

అలాగని ప్రతిదానికీ అవతలివాళ్లనే అనడం ఇంకో జబ్బు. తేల్చుకునే దారి షాపు అన్న రోజూ చేసేదే: అదే కేబుల్‌ను ఇంకో ప్లేయర్‌కు పెట్టి చూడటం, అదే ప్లేయర్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడటం. మీతో రాసినవాళ్లందరికీ ఆగిందా, మీ ఒక్కరికేనా? అందరికీ ఆగితే ఆగండి. మీకే ఆగితే కేబుల్ చూసుకోండి.

చెడింది ఎంత చిన్నదో కూడా చూడాలి. 2024 జులై 19, శుక్రవారం గుర్తుందా? శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. ప్రోగ్రామ్ 21 విలువలు ఆశించింది, అందినవి 20. విరుగుడు? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేయడం. తప్పుడు ఫైలును కంపెనీ గంటన్నరలోపే వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే దిగినచోట్ల ఎక్కువభాగం మనుషులు ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని తీయాల్సి వచ్చింది. ఇందాకటి అమ్మాయి దగ్గరికి వెళ్దాం. రాత పరీక్ష దాటింది, సాంకేతిక ప్రశ్నలూ దాటింది, ప్రతిసారీ పడింది "మీ గురించి చెప్పండి" దగ్గర. తీయాల్సింది ఆ రెండు నిమిషాల ఫైలు. దానికోసం మరో ఆరు నెలల కోర్సులో చేరడం ఎందుకు?

ఇక రీస్టోర్ తప్పని రోజు కూడా వస్తుంది, రాదని నేను చెప్పను. ముందు నాలుగు ఆర్‌లూ అయ్యాయి, డిస్క్ మోడ్‌లో తెరుచుకుంటోంది కానీ ప్లేయర్ మాత్రం లేవడం లేదు, తుడిచి మళ్లీ రాయాల్సిందే. వరంగల్ వాళ్లకు దీనికి ఉదాహరణ వెతకక్కర్లేదు. 1163 నాటి వేయిస్తంభాల గుడిలో కల్యాణ మండపం కుంగిపోతుంటే పురావస్తు శాఖవాళ్లు దాన్ని పూర్తిగా విప్పేశారు. విప్పే ముందు రాళ్లకు అంకెలు వేశారు. తిరిగి నిలబెట్టి 2024 మార్చి 8న, శివరాత్రి రోజు తెరిచేసరికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఆలస్యం మీద మనూరివాళ్లు పడ్డ విసుగు న్యాయమైనదే. అంకెలు వేయకపోయుంటే మాత్రం అక్కడ ఇప్పటికీ రాళ్ల గుట్టే ఉండేది.

అందుకే తుడిచే ముందు అంకెలు వేయండి. ప్లేయర్‌లో ఉన్నవి రెండు రకాలు. ఘంటసాల, బాలు పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. మీ నాయనమ్మ గొంతులో బతుకమ్మ పాటో, పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన చుక్క సత్తయ్య ఒగ్గు కథో మళ్లీ దొరకవు. ముందు అవి తీసి దాచండి. ఐట్యూన్స్ పాటల్ని కంప్యూటర్ నుంచి ప్లేయర్‌కే పంపిస్తుంది, కొన్నవి తప్ప వెనక్కి తేదు. డిస్క్ మోడ్ పనికొచ్చేది అందుకే. ఉద్యోగం మానేయాలన్నా, దారి మార్చాలన్నా ఇదే లెక్క. మళ్లీ తేలిగ్గా దొరకనివి ఏవో కాగితం మీద రాయండి: ఈపీఎఫ్ ఖాతా నంబరు, అనుభవ పత్రం, మంచిగా చూసుకున్న సీనియర్ ఒకరితో మాట. రాజీనామా మెయిల్ ఆ తర్వాత.

రీస్టోర్ అయ్యాక వేల పాటలు ఒకేసారి ఎక్కించకండి. పది ఎక్కించి, తీసి, బస్సులో ఒకరోజు వినండి. బాగా నడిస్తే మిగతావి. కొత్త టైంటేబుల్ కూడా మొదటి వారం రెండు గంటలదే పెట్టుకోండి, పద్నాలుగు గంటలది కాదు. మరోసారి అప్‌డేట్ పెట్టాలనిపిస్తే ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడు, మీ మోడల్‌కు చెందిన ఫైలేనని రెండుసార్లు చూసుకుని పెట్టండి. వేరే మోడల్ ఫైలు ఎక్కిస్తే పై అంతస్తుతో పాటు కిందిదీ పోవచ్చు, పక్కింటి అబ్బాయి టైంటేబుల్ కూడా అంతే. పరీక్ష వారంలో అయితే అసలు ముట్టుకోకండి. "తర్వాత గుర్తు చేయి" అనే బటన్ కూడా ఆ తెర మీదే ఉంటుంది.