వేసవి కోచింగ్‌కు ఫీజు కట్టే ముందు: విద్యార్థుల హక్కులపై తరచూ అడిగే ప్రశ్నలు

ఇంటర్ పరీక్షలు ముగిసిన వారంలోనే షార్ట్ టర్మ్ బ్యాచ్‌లు మొదలైపోతాయి. ఎప్‌సెట్, నీట్ పరీక్షలు నెలా నెలన్నర దూరంలో ఉంటాయి. ఆ తొందరలో చాలామంది తల్లిదండ్రులు అడగాల్సినవి అడక్కుండానే మొత్తం ఫీజు కట్టేస్తారు. కోర్సు చిన్నది కాబట్టి, ఏదైనా తేడా వస్తే అది తేలేలోగా పరీక్షే అయిపోతుంది. అందుకే హక్కుల గురించి అడగాల్సింది డబ్బు ఇంకా మన చేతిలో ఉన్నప్పుడే.

కోచింగ్ సెంటర్లకు నియమాలంటూ ఉన్నాయా?

ఉన్నాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల నియంత్రణకు మార్గదర్శకాలు ఇచ్చింది. 50 మందికి మించి విద్యార్థులున్న సెంటర్లు రిజిస్టర్ చేసుకోవాలని, చెప్పేవాళ్లకు కనీసం డిగ్రీ ఉండాలని వాటిలో ఉంది. వీటిని అమలు చేయాల్సింది మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ ప్రాణాలు కోల్పోయిన విద్యార్థిని కేసులో తీర్పు ఇస్తూ, రెండు నెలల్లో ఇలాంటి నియమాలు నోటిఫై చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి చేరే ముందు “మీ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా?” అని నేరుగా అడగండి.

పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లల్ని వేసవిలోనే చేర్చుకోవచ్చా?

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం సెకండరీ పరీక్ష అయ్యాకే కోచింగ్‌లో చేర్చుకోవాలి. జూనియర్ కాలేజీ సంగతి వేరు. వేసవి సెలవుల్లో తరగతులు నడపవద్దని, షెడ్యూలు ప్రకటించకముందే అడ్మిషన్లు తీసుకోవద్దని ఇంటర్ బోర్డులు ఏటా కాలేజీలను హెచ్చరిస్తాయి. “బ్రిడ్జ్ కోర్సు” పేరుతో ఏప్రిల్‌లోనే ఇంటర్ పాఠాలు మొదలుపెట్టి, రాకపోతే వెనకబడిపోతారని పీఆర్వోలు భయపెడితే ఒప్పుకోవాల్సిన పని లేదు.

“ర్యాంకు గ్యారంటీ” అని రాసిస్తామంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మకండి. ర్యాంకుకు గానీ, మార్కులకు గానీ హామీ ఇవ్వడాన్ని ఆ మార్గదర్శకాలే నిషేధించాయి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలపై విడిగా నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం ర్యాంకర్ ఫొటో వేయాలంటే, ఎంపికయ్యాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ విద్యార్థి చదివింది ఏ కోర్సు, ఎంతకాలం, అది డబ్బు కట్టి చేరిన కోర్సేనా అన్నది ప్రకటనలోనే చెప్పాలి. ఫ్లెక్సీ మీద కనిపించే ర్యాంకర్ రెండేళ్ల రెగ్యులర్ బ్యాచ్‌లో చదివాడా, మీరు చేరబోయే ఆరు వారాల కోర్సులోనా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో చాలా సంగతులు బయటపడతాయి.

రోజంతా క్లాసులు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్. ఇది సరైనదేనా?

రోజుకు 5 గంటలకు మించి తరగతులు ఉండకూడదని, మరీ పొద్దున్నే గానీ బాగా పొద్దుపోయాక గానీ పెట్టకూడదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి, ఆ మర్నాడు టెస్టు పెట్టకూడదు. టైంటేబుల్‌ను కాగితం మీద అడిగి తీసుకోండి.

మధ్యలో మానేస్తే కట్టిన ఫీజు పోయినట్టేనా?

కాదు. ఫీజు మొత్తం కట్టి మధ్యలో మానేస్తే, మిగిలిన రోజులకు లెక్కగట్టి 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. సెంటరు హాస్టల్లోనే ఉంటే హాస్టల్, మెస్ ఫీజులకూ ఇదే వర్తిస్తుంది. ఉదాహరణకు 45 రోజుల కోర్సుకు రూ.18,000 కట్టి 15 రోజులకు మానేస్తే, తిరిగి రావాల్సింది రూ.12,000. కోర్సు మధ్యలో ఫీజు పెంచకూడదు. మెటీరియల్‌కు విడిగా డబ్బు అడగకూడదు. “ఫీజు తిరిగి ఇవ్వబడదు” అని దరఖాస్తు ఫారంలో చిన్న అక్షరాలతో ఉంటే, సంతకం పెట్టకముందే ఆ వాక్యం కొట్టేయమనండి. మానేసే రోజున ఆ సంగతి మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో తేదీతో రాసి పంపండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు. ఇవ్వాలా?

వద్దు. షార్ట్ టర్మ్ కోర్సుకు జిరాక్సులు చాలు. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్స్ కావాలి, ఆ సమయానికి అవి మీ దగ్గరే ఉండాలి. ఎప్‌సెట్, నీట్ దరఖాస్తులు సెంటరు వాళ్లే నింపుతామన్నా, మొబైల్ నంబరు, మెయిల్, పాస్‌వర్డ్ మాత్రం మీవే ఉండాలి. హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, సీటు ఆప్షన్లు అన్నీ ఆ వివరాలతోనే తెరుచుకుంటాయి.

మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చి, అందరి ముందూ తిడుతున్నారు. ఏం చేయాలి?

దీన్ని పిల్లల బాగు కోసమే అనుకుని సర్దుకుపోవద్దు. మార్కుల ప్రకారం బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిలో అవమానించడం మానాలని 2025 నాటి తీర్పు స్పష్టంగా చెప్పింది. 100 మంది గానీ, అంతకు మించి గానీ విద్యార్థులున్న చోట అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతుల్లో, హాస్టళ్లలో కనబడేలా పెట్టాలంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలు ఇంటికి వచ్చేస్తామంటే, ముందు తీసుకొచ్చేయండి. ఫీజు సంగతి తర్వాత తేల్చుకోవచ్చు.

భవనం విషయంలో ఏం చూసుకోవాలి?

2019 మే నెలలో సూరత్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో మంటలు లేచి 22 మంది చనిపోయారు. అవీ వేసవి సెలవులే. రెండో మెట్లదారి ఉందా, కిటికీలకు అడ్డంగా ఫ్లెక్సీలు కట్టారా, తరగతులు సెల్లార్‌లో నడుపుతున్నారా అన్నది మీరే వెళ్లి చూడండి. ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటు ఉండాలన్నది నియమం.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

మొదట సెంటరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరుండే జిల్లాలోనే, లాయరు లేకుండానే కేసు వేయవచ్చు. రూ.5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఇక్కడొక మెలిక ఉంది. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని, కోచింగ్ సంస్థలు వస్తాయని 2020లో జాతీయ కమిషన్ తేల్చింది. కాలేజీయే కోచింగ్ కూడా ఇస్తుంటే, కోచింగ్ ఫీజుకు విడిగా రసీదు తీసుకోండి. రేపు కేసు నిలబడాలంటే ఆ రసీదే కీలకం. సెలవుల్లో తరగతులు నడిపే కాలేజీల మీద జిల్లా ఇంటర్ విద్యాధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ఫీజు కట్టలేని వాళ్ల సంగతేమిటి?

కోచింగ్‌కు వెళ్లకపోతే పరీక్ష రాయలేమన్న భయం వద్దు. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 3 గంటలు, తప్పుకు మార్కులు కోయరు. నమూనా పరీక్షలు అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. జేఈఈ, నీట్‌లకు కేంద్ర విద్యాశాఖ, ఐఐటీ కాన్పూర్ కలిసి నడిపే ‘సాథీ’ పోర్టల్‌లో పాఠాలు, టెస్టులు ఉచితం. ఇంటర్ పాఠ్యపుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, రోజూ గడియారం పెట్టుకుని రాసే ఒక టెస్టు ఉంటే ఈ ఆరు వారాల్లో ఇంట్లోనే గట్టిగా సిద్ధం కావచ్చు. ఫీజు కోసం అప్పు చేయాలా అని ఆలోచిస్తున్న ఇళ్లలో ముందు ఈ దారిని ఒక వారం పాటు ప్రయత్నించి చూడండి.